నూలు తినే బువ్వ

మా తమ్ముడు నర్సింలు పోయి రెండు నెలలు కావస్తోంది. పెద్దకర్మ అయిపోయి చుట్టాలంతా వెళ్ళాక, మహబూబ్‌నగర్‌లోని వాడి ఇంట్లో నేనూ మా మరదలు సావిత్రీ వాడి సామాను సర్దుతూ కూర్చున్నాం. చనిపోయిన మనిషి బట్టలు మడతపెట్టడమంత చెడ్డ పని ఇంకొకటి లేదు. చొక్కా జేబులో పాత బస్సు టికెట్టు దొరికినా, అది ఏ ఊరిదోనని చదువుతూ కూర్చుంటాం. సావిత్రి స్టూలెక్కి సజ్జ మీది నుంచి పాత తువాలులో చుట్టిన మూటొకటి దించింది. విప్పి చూసి, "వదినా, గిదేందో చూడు. గుర్రాలను తోమేటిదా? పారేద్దామంటే ఈయన ఏనాడూ ఇనలే. ఇల్లు మారినప్పుడల్లా భద్రంగ తెచ్చుకున్నడు" అంది.

అది కుంచె. మా నాయిన కుంచె. మూరెడు చెక్కకు బిగించిన గట్టి గడ్డివేళ్ళ కుచ్చులు, సగం రాలిపోయి ఉన్నాయి. మగ్గానికి ఎక్కించే ముందు నూలుకు గంజి పట్టిస్తారు. అప్పుడు పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా దువ్వేది దీనితోనే. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను, గంజి వాసన ఏమన్నా మిగిలిందేమోనని. దుమ్ము వాసన, బొద్దింకల మందు వాసన తప్ప ఏమీ లేదు. దాన్ని ఎప్పుడో పొయ్యిలో పెట్టేశారని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను. "ఉండనీ, నేను తీస్కపోత" అన్నాను సావిత్రితో. ఆ రోజు నుంచి అది నా బల్ల మీదే ఉంది. చూసినప్పుడల్లా మక్తల్‌లోని మా గేరి, మా అవ్వ, ధరలు మండిపోయిన ఆ ఏడాది గుర్తుకొచ్చి మనసు పాడవుతోంది. రాసేస్తే భారం తగ్గుతుందేమోనని కూర్చున్నాను.

మా వైపు వీధిని గేరి అంటారు. మక్తల్‌లో సాలోళ్ళ గేరి అంటే వరసగా ఇళ్ళు, ప్రతి ఇంటి ముందుగదిలో ఒక గుంత, ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసే మగ్గం. తెల్లారేసరికి ఒక పక్క ఆడవాళ్ళు రొట్టెలు తట్టే చప్పుడు, ఒక పక్క మగ్గాల చప్పుడు కలిసిపోయి ఏది ఏదో తెలిసేది కాదు. మా ముందుగదిలో నాయిన నేసేవాడు. ఆయన పేరు బాలయ్య. మనుషులతో మాటలు తక్కువ, మగ్గంతో ఎక్కువ. పోగును అటూ ఇటూ మోసే నాడె చిక్కుకుంటే "ఏందే, అలిగినవా?" అని అడిగేవాడు. అమ్మ ఇంటిపని మధ్యలో నూలు సరిచేసేది. నేను బడి నుంచి రాగానే రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేదాన్ని. వదులుగా చుట్టానని అవ్వ రోజూ తిట్టేది. అవ్వంటే నాయిన తల్లి, ఎంకమ్మ. ఇంటికి ఆమే పెద్ద. సన్నగా, నిటారుగా ఉండేది. మాట్లాడుతున్నా, పోట్లాడుతున్నా ఆమె బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి రాసుకుంటూనే ఉండేవి, అక్కడ లేని పోగునేదో పరీక్షిస్తున్నట్టు. నాయినకూ అదే అలవాటు వచ్చింది.

మేం తినేది జొన్న. పొద్దున జొన్న గట్క, మధ్యాహ్నం జొన్న రొట్టె, పొద్దు గూకాక మిగిలిన రొట్టె. గేరిలో అందరిదీ అదే తిండి. అలాగని ఇంట్లో బియ్యం లేవా అంటే ఉన్నాయి. అటక మీద ఒక కుండలో నూకలు ఎప్పుడూ ఉండేవి. అవి మాకు కాదు, నూలుకు. పడుగు పోగులు, అంటే మగ్గం మీద నిలువునా సాగే పోగులు, గంజి తాగకపోతే నేత వేటుకు ఆగవు. పిండిగా చేసిన నూకలను పెద్ద బానలో ఉడికించి, చల్లార్చి, కాస్త నూనె కలిపి ఆ గంజిని పడుగుకు పట్టిస్తారు. జొన్న గంజి ముతక బట్టకు సరిపోతుంది గానీ సన్న నూలుకు బియ్యమే కావాలి. చిన్నప్పుడు నాకు ఇది పెద్ద అన్యాయంగా కనిపించేది. "మనకు రొట్టె, నూలుకు బువ్వనా?" అని ఒకసారి అవ్వను నిలదీశాను. "నూలు బువ్వ మీద కన్నేస్తున్నవా? సిగ్గు లేదానే నీకు?" అంది. నేనేదో పక్కింటి వాళ్ళ కంచంలో చెయ్యి పెట్టినట్టు.

గంజి కాసిన రోజు మాత్రం ఒక మినహాయింపు ఉండేది. నూనె కలపకముందు అవ్వ గరిటెతో కొంచెం తీసి, ఉప్పు రాయి వేసి, పిల్లలందరికీ అరచేతిలో పోసేది. ఆ వేడికి చెయ్యి కాలుతున్నా నాకేవాళ్ళం. బియ్యం రుచి మాకు తెలిసింది అట్లాగే. మర్నాడు పొద్దు పొడవకముందే పడుగును గేరి పొడవునా సాగదీసి, రెండు కొసలా గుంజలకు కట్టేవాళ్ళు. చుట్టుపక్కల ఇళ్ళ మగవాళ్ళంతా ఎవరి కుంచె వాళ్ళు తెచ్చుకుని, చెరో పక్కన నిలబడి, గంజి అద్దుతూ దువ్వుతూ పోయేవాళ్ళు. ఇవాళ మా పడుగు, రేపు వాళ్ళ పడుగు. దానికి కూలి ఇవ్వడం లేదు, పని అయ్యాక ఇంటివాళ్ళు చేతిలో పెట్టే బెల్లం ముక్కే మర్యాద. గేరిలో ఉప్పు అడగొచ్చు, నిప్పు అడగొచ్చు, నూనె అడగొచ్చు. పడుగు గంజికి నూకలు మాత్రం ఎవరూ ఎవర్నీ అడగకూడదు. అడిగితే ఆ ఇంటి మగ్గం పని అయిపోయిందని అర్థం.

ధరలు ఒక్కరోజులో పెరగలేదు. పాత సిక్కా పోయి కొత్త పైసలు వచ్చినప్పటి నుంచే లోకం చెడిపోయిందని అవ్వ వాదన. "గా పైస సూడు, చెవి కమ్మంత లేదు. గంత చిన్న పైసకు ఎవడు ఏం ఇస్తడు?" అనేది. మేం నవ్వేవాళ్ళం. తర్వాత నవ్వు తగ్గింది. వరసగా వానలు మొహం చాటేశాయి. సంతకు వెళ్ళిన అమ్మ తెచ్చే జొన్నల మూట వారం వారం చిన్నదవుతూ వచ్చింది. దీపానికి గ్యాసునూనె కోసం వెళితే అయిపోయిందన్నవాడే వెనక గుమ్మం నుంచి వేరే ధరకు అమ్మేవాడు. అన్నిటికంటే నూలు ధర నిప్పులా ఉండేది. మాకు నూలు ఇచ్చి, చీర తీసుకుని, నేత కూలి ఇచ్చే సావుకారి ఉండేవాడు. నూలు ధర పెరిగిందని చెప్పేవాడే కానీ మా కూలి మాట ఎత్తేవాడు కాదు. మగవాళ్ళు హోటలు ముందు రేడియో వినొచ్చి, ఢిల్లీలో ఏదో చేస్తున్నారట, ధరలు దిగుతాయట అని చెప్పుకునేవాళ్ళు. పక్కింటి కిష్టయ్య పెద్దనాయిన మాత్రం, "దిగేది మన కడుపులే గని ధరలు గావు" అని లేచిపోయేవాడు.

ఇంట్లో పొదుపు అంతా అవ్వ చేతి మీద నడిచేది. చీకటి బాగా ముదిరితే తప్ప దీపం వెలిగించనిచ్చేది కాదు. సబ్బు మానేసి చౌడు మట్టితో బట్టలు ఉతికించింది. పప్పు చారై, చారు చింతపండు నీళ్ళై, చివరికి రొట్టెలోకి ఉల్లిగడ్డా కారమే మిగిలాయి. అందరికీ పెట్టాక తను తింటానని చెప్పి, తిన్నదో లేదో ఎవరికీ కనపడకుండా గిన్నె కడిగేసేది. అయితే ఇంత జరుగుతున్నా నూకల కుండ వైపు ఎవరి చూపూ పోనివ్వలేదు. గేరిలోనూ ఒక మార్పు వచ్చింది. పడుగు దువ్విన తర్వాత బెల్లం ఇవ్వబోతే, "ఒద్దమ్మా, పొద్దుగాలనే తిన్నం" అని కుంచెలు దులుపుకుని వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. తిననివాళ్ళు తిన్నామని, లేనివాళ్ళు ఉందని చెప్పుకుంటూ మర్యాదగా ఎండిపోయాం. పేదరికం కంటే ఆ మర్యాదే నన్ను ఎక్కువ భయపెట్టింది, ఇప్పటికీ భయపెడుతుంది.

ఆ కరువులోనే నర్సింలు పుట్టాడు. నాకూ వాడికీ మధ్య పుట్టినవాళ్ళు దక్కలేదు. అందుకని అవ్వ వాణ్ణి కింద పెట్టేది కాదు. పుట్టినప్పుడు బొద్దుగానే ఉన్నాడు. తర్వాత అమ్మకు పాలు తగ్గాయి. బాలింతకు పెట్టాల్సినవేవీ ఇంట్లో లేవు, పాలు కొనే స్తోమత లేదు. వాడు ఏడ్చి ఏడ్చి, ఏడవడానికి కూడా ఓపిక లేక నోరు మాత్రం తెరిచేవాడు. ఆ చప్పుడు లేని ఏడుపు నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. సరిగ్గా అప్పుడే సావుకారి నాయినను పిలిపించి పెళ్ళి చీరలకని సన్న నూలు ఇచ్చాడు. చాలా రోజుల తర్వాత దొరికిన మంచి పని. నేను నాయిన వెంట వెళ్ళాను. నూలు చేతికిస్తూ సావుకారి, "బాలయ్యా, గీ నూలు ఇప్పుడు బంగారం లెక్క అయింది. ఖరాబు జేస్తివా, మల్ల నా గడప తొక్కకు. ఇచ్చేటోన్ని నేనొక్కన్నే ఉన్న, మరి చూస్కో" అన్నాడు. నాయిన నూలును రెండు చేతులతో కళ్ళకద్దుకున్నాడు.

నూకల కుండలో అడుగున మిగిలినవి ఆ పడుగుకు కష్టంగా సరిపోతాయి. కుండ దించినప్పుడు అమ్మ గుమ్మం దగ్గర నిలబడి మెల్లగా అంది, "అత్తా, కుర్మోళ్ళు గొంగళ్ళకు చింతగింజల గంజి పెడ్తరు గద. జరంత అది కలిపితే నూకలు కొన్ని మిగులుతయేమో." చింతగింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి దంచి కాస్తే జిగురు గంజి వస్తుంది. గొర్రెలు కాసే కుర్మవాళ్ళ ఉన్ని గొంగడి దానితోనే బిగుస్తుంది. అవ్వకు కోపం నెత్తికెక్కింది. "అది గొంగడికి పెట్టేది పిల్లా. సన్న నూలుకు పెడ్తే పోగు పోగు అతుక్కోని కట్టె లెక్క అయితది. నా అత్త కాలం నుంచి గీ ఇంట్ల నూలుకు గడ్డి పెట్టలే" అంది. అమ్మ తల దించుకుని పిల్లాణ్ణి తీసుకుని లోపలికి వెళ్ళింది. అక్కడితో ఆ మాట అయిపోయిందనుకున్నాను.

మరుసటి రోజు సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో వేయించిన చింతగింజల వాసన కమ్మగా వస్తోంది. మా పిల్లలకు అవి చిరుతిండి, జేబులో వేసుకుని రోజంతా నమిలేవాళ్ళం. నాకోసమే వేయించారనుకుని వంటింట్లోకి పరుగెత్తాను. లోపల అమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. అవ్వ ఆమె ముందు గొంతుక్కూర్చుని, పెద్ద గిన్నెడు బియ్యపు గంజి ఆమె నోటికి పట్టిస్తోంది. పక్కన చిన్న గిన్నెలో పిల్లాడి కోసం ఇంకొంచెం. అమ్మ ఒద్దొద్దంటూ మొహం తిప్పుకుంటుంటే అవ్వ ఆమె తల వెనక చెయ్యి వేసి, నేనెప్పుడూ వినని మెత్తటి గొంతుతో, "తాగు పిల్లా. నూలెక్కడికి పోదు" అంటోంది. అమ్మ కళ్ళ నీళ్ళు గంజిలో పడుతున్నాయి. పొయ్యి మీద బానలో చింతగింజల ముద్ద కలిసిన గంజి ఉడుకుతోంది. చూడటానికి చిక్కగానే ఉంది, రంగు మాత్రం తేడా. అవ్వ నన్ను చూసింది. దాచిపెట్టు అనలేదు, చెప్పకు అనలేదు. నూనె సీసా తెమ్మంది. మామూలు కంటే ఎక్కువ నూనె పోసి కలిపింది. ఆ రోజు పిల్లలెవరినీ పిలిచి అరచేతుల్లో పోయలేదు.

తెల్లవారి పడుగు గేరిలో సాగింది. కిష్టయ్య పెద్దనాయిన, ఇంకా మరికొందరు కుంచెలు తీసుకుని వచ్చారు. నాయిన బానలో రెండు వేళ్ళు ముంచి, అలవాటుగా బొటనవేలితో రాశాడు. ఒక్క క్షణం ఆయన చెయ్యి అలాగే ఆగిపోయింది. తలెత్తి గుమ్మంలో నిలబడ్డ అవ్వ వైపు చూశాడు. అవ్వ ఆయన వైపే చూస్తోంది. లోపల నర్సింలు కడుపు నిండి నిద్రపోతున్నాడు, చాలా రోజుల తర్వాత ఇంట్లో ఏడుపు లేదు. నాయిన వేళ్ళు పంచెకు తుడుచుకుని, "కానియ్యుండ్రి, ఎండ ముదురుతది" అన్నాడు. అందరూ మొదలుపెట్టారు. నాలుగడుగులు వేయగానే కిష్టయ్య పెద్దనాయిన కుంచె నెమ్మదించింది. ఎదుటి పక్కన దువ్వుతున్న మనిషితో చూపులు కలిశాయి. జీవితమంతా గంజిలో చేతులు పెట్టినవాళ్ళకు తెలియకుండా ఉంటుందా? ఇంకొంచెం గట్టిగా దువ్వారు. దువ్విందే దువ్వారు. ఎండ వచ్చేకొద్దీ పోగులు జంటలు జంటలుగా అతుక్కుపోతుంటే, వేళ్ళతో విడదీస్తూ మళ్ళీ మళ్ళీ దువ్వారు. పని అయ్యాక అమ్మ తెచ్చిన బెల్లాన్ని ఆ రోజు ఎవ్వరూ వద్దనలేదు. తలొక చిటికెడు నోట్లో వేసుకుని, అవ్వకు దండం పెట్టి వెళ్ళారు.

పడుగు మగ్గమెక్కింది. నాయిన నేయడం మొదలుపెట్టాడు. గేరిలో మిగతా మగ్గాలన్నీ ఒక వరసలో ఆడుతుంటే మా మగ్గం నాలుగు వేట్లు వేసి ఆగేది. తెగిన పోగు ముడివేసి మళ్ళీ నాలుగు వేట్లు. నేసిన పోగును దగ్గరకు కొట్టే అచ్చు తగిలినప్పుడల్లా బిగుసుకుపోయిన గంజి పొడిగా రాలి ఆయన తొడల మీద పడేది. మగ్గంతో మాట్లాడటం మానేశాడు. ఆగి ఆగి ఆడే ఆ చప్పుడు వినలేక నేను బడి నుంచి ఆలస్యంగా వచ్చేదాన్ని. చివరికి ఒక మధ్యాహ్నం అవ్వ వచ్చి గుంత అంచున కూర్చుంది.

"నేనే జేసిన బిడ్డా" అంది.

"తెల్సమ్మా. ఏలు పెట్టంగనే తెల్సింది."

"తెల్సి ఎందుకు ఆపలేదురా? బాన పారబోస్తె అయిపోవు గద."

"పారబోసి ఏం పెడ్తుంటి? కుండల ఏమున్నదని?" అని నాయిన తెగిన పోగు కొస కోసం వెతుకుతూ అన్నాడు. "అందరి ముందల నిన్ను నిలబెడ్దునా? పిల్లగాడు పాలు తాగుతుండు. ఇంగ ఆ మాట ఎత్తకు."

అవ్వ లేవలేదు. కొడుకు పక్కన కూర్చుని తెగిన పోగులు అందిస్తూ పొద్దుగూకేదాకా అక్కడే ఉంది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు, అదే చివర.

ముడుల చీరలను సావుకారి గుమ్మం ముందు పరిచి చూసి, కాలితో పక్కకు నెట్టాడు. అరవలేదు. "ఇగ నీకు నాకు అయిపాయె బాలయ్యా" అన్నాడంతే. వేరే వాళ్ళ దగ్గర నూలు అడిగి చూశాడు నాయిన. ధరలకు భయపడి సావుకార్లందరూ చేతులు ముడుచుకుని ఉన్న రోజులవి, చెడగొట్టాడన్న పేరున్నవాడికి ఎవరిస్తారు? కృష్ణ మీద పెద్ద ఆనకట్ట పని నడుస్తోందని, మనుషులు కావాలని ఒక మేస్త్రీ ఊళ్ళోకి వచ్చాడు. మా పాలమూరు జిల్లా పల్లెల నుంచి బండ్లకు బండ్లు జనం పోతున్నారు. నాయిన కూడా బట్టల మూట చంకలో పెట్టుకుని ఎక్కాడు. పోయే ముందు మగ్గం మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. ఏమన్నా మాట్లాడతాడేమోనని చూశాను. నాడెను తుడిచి గూట్లో పెట్టి బయటికి నడిచాడు. అమ్మ పిల్లాణ్ణి వీపున కట్టుకుని చేలల్లో కూలికి పోయింది. నన్ను కూడా బడి మాన్పించి కూలికి పంపుదామంటే అవ్వే అడ్డుపడింది. "దీని కండెలు ఎట్లనో వదులే. కాగితం మీదనన్న చెయ్యి తిప్పనియ్యుండ్రి" అంది. నేను తర్వాత పంతులమ్మనయ్యానంటే ఆ తిట్టు పుణ్యమే.

నాయిన మూడో వేసవికి ఇంటికొచ్చేశాడు. రాళ్ళు మోసి మోసి భుజం ఒక పక్కకు ఒరిగింది. వచ్చిన మర్నాడే కిష్టయ్య పెద్దనాయిన పిలిచి, "జర గీ పోగులు అతుకు బాలయ్యా, నాకు కండ్లు ఆనుతలేవు" అన్నాడు. ఆయన కళ్ళు బాగానే ఉన్నాయి, నాయినను మళ్ళీ నూలు దగ్గరకు తేవాలని ఆయన ప్రయత్నం. నాయిన కూర్చున్నాడు. పోగు తీసుకుని వేళ్ళ మధ్య రాశాడు. మళ్ళీ రాశాడు. "పోగు తెలుస్తలేదే" అన్నాడు, నవ్వబోయి. అరచేతులంతా రాయిలాగా కాయలు కట్టాయి, సన్న పోగు చేతిలో ఉన్నదీ లేనిదీ తెలియడం లేదు. ఇంటికొచ్చి మగ్గం విప్పేశాడు. కర్రలు కిష్టయ్య పెద్దనాయిన తీసుకున్నాడు. గుంతను మట్టితో పూడ్చి అవ్వ పేడతో అలికింది. ఎంత పూడ్చినా ప్రతి వానాకాలం ఆ చోటు కుంగేది. అవ్వ బతికి ఉన్నన్నాళ్ళు గంపెడు మట్టి తెచ్చి పోస్తూనే ఉంది. ఆమె పోయాక ఆ పని నాయినది అయింది.

ఆ రోజులే బంగారం లాంటివి, అప్పుడు అన్నీ చౌక అని నా వయసువాళ్ళు అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరికి చౌక? ఇప్పుడు మా కోడలు నూనె ధర చూసి గోలపెడుతుంది, బిస్కెట్ పాకెట్ అదే ధరకు చిన్నదైపోయిందని దుకాణంవాడితో కొట్లాడుతుంది. కొట్లాడనీ, మంచిదే. మా అవ్వకు ఆ దారి కూడా లేదు. అప్పట్లో ధర పెరిగితే ఇంట్లో ఎవరి కంచం ముందు ఖాళీ అవుతుందో ఎవరూ చెప్పకుండానే తెలిసేది. ఇప్పుడు ధర పెరిగితే అది ఎక్కడెక్కడ కోస్తుందో కనపడదు, చివరికి దవాఖానలో బయటపడుతుంది. రేషన్ బియ్యం ఇంటింటికీ ఉన్నాయి, నిజమే, మెతుకు కోసం ఎవరూ నూలుతో పోటీపడటం లేదు. ఆ మాటకొస్తే మా గేరిలో నూలే లేదు. మొన్నామధ్య వెళ్ళి చూశాను. మా ఇంటి జాగాలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. బాగుపడ్డామా, చెడ్డామా అని ఎవరన్నా అడిగితే ఇంతే చెప్తాను. కడుపు నిండింది. భయం మాత్రం పోలేదు.

నర్సింలుకు ఈ కథేదీ తెలియదనే అనుకుంటూ వచ్చాను. వాడి ముందు ఎవరం ఎత్తలేదు, ఒక పసివాడి నెత్తిన అంత భారం ఎందుకని. వాడు చదువుకుని, కచేరీలో గుమాస్తాగా చేసి, పొదుపుగా బతికాడు. చివర్లో దవాఖానలో పడ్డప్పుడు కూడా వాడికి జబ్బు కంటే ఖర్చు ఫికరే ఎక్కువ. "అక్కా, ఈడ రోజుకు ఎంతైతాందో అడిగినవా? ఇంటికి తీస్కపొమ్మను" అని నా చెయ్యి పట్టుకునేవాడు. తిండి ఏదీ ఇమడటం లేదు. డాక్టరు గంజి పట్టమన్నాడు. మర్నాడు పొద్దున నేనే బియ్యం చిక్కగా కాచి, ఉప్పు వేసి తీసుకెళ్ళాను. సావిత్రి వెనక దిండు పెట్టి కూర్చోబెట్టింది. వాడు గ్లాసులో వేలు ముంచాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి మెల్లగా రాశాడు, అచ్చం నాయినలాగా. నా వైపు చూసి, "గింత చిక్కగ ఎందుకు పోసినవక్కా? నూలుకు జర ఉంచరాదు?" అన్నాడు. "జ్వరంల ఏందేందో మాట్లాడుతున్నడు వదినా" అని సావిత్రి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జ్వరం కాదది. వాడికి తెలుసు. నాయినే చెప్పి ఉంటాడు, ఆ కుంచె చేతికిచ్చిననాడు. తన గొంతులోకి ఏం పోసి బతికించారో, దానికి బదులు ఏం పోయిందో తెలిసే, వాడు బతికినన్నాళ్ళూ బతికాడు. వాడి తల వెనక చెయ్యి వేసి, గ్లాసు పెదవుల దగ్గర పెట్టి, "తాగురా. నూలెక్కడికి పోదు" అన్నాను. వాడు సగం తాగి, మిగతా సగం పక్కన పెట్టమని సైగ చేశాడు.